ర్యాంపు పాదం ఎక్కడ మోపాలి?

శాన్ ఫ్రాన్సిస్కోలో మార్కెట్ స్ట్రీట్ మీద ఆక్టేవియా బులెవార్డ్ మొదలయ్యే చోట ఒక కూడలి ఉంది. దక్షిణం నుంచి గాలిలో తేలుతూ వచ్చే సెంట్రల్ ఫ్రీవే అనే సిగ్నళ్లు లేని రహదారి అక్కడ నేలకు దిగుతుంది. ఒక సాయంత్రం ఆ మూల మీద దాదాపు గంటసేపు నిలబడ్డాను. అంతసేపూ వేగంగా వచ్చిన కార్లు ర్యాంపు వాలు దిగి, ఎర్ర దీపం ముందు ఒకదాని వెనుక ఒకటి ఆగుతున్నాయి. వాటి ముందు నుంచి సైకిళ్లు పోతున్నాయి. చంటిబిడ్డను బండిలో తోసుకుంటూ ఒక తల్లి, రెండు చేతుల్లో సంచులతో ఒక పెద్దాయన రోడ్డు దాటుతున్నారు. ఎవరూ పరుగెత్తలేదు. ఎవరూ చెయ్యి పైకెత్తి, వచ్చే బండిని ఆగమని బతిమాలుకోలేదు.

మా ఊరి అంచున పోయే జాతీయ రహదారిని చూస్తూ పెరిగినవాడిని. రహదారి ఊరిని తాకే చోట మనిషి చెయ్యెత్తి బతిమాలుకోవడం నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన దృశ్యం. అందుకే ఆ కూడలి దగ్గర అంతసేపు నిలబడిపోయాను. అలాంటి చోటు దానంతటదే ఏర్పడదు. దాని వెనుక ఒక భూకంపం, మూడేళ్లు వరుసగా జరిగిన ఓటింగులు, ఒక కూల్చివేత, ఎన్నో లెక్కలు ఉన్నాయి. రహదారుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎన్ని వరుసలు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని కోట్లు అని మాత్రమే అడుగుతాం. ఊరి బతుకును మార్చేది మాత్రం ర్యాంపు. దాని తల రహదారిలో ఉంటుంది, పాదం ఊళ్లో ఉంటుంది. ఆ పాదం ఎక్కడ, ఎలా మోపారన్నదే అసలు సంగతి.

ముందు ర్యాంపు చేసే పని ఏమిటో చూద్దాం. అడ్డంకులు లేని రహదారి మీద ఒక వరుసలో గంటకు సుమారు 2,000 కార్లు పోగలవు. ఊళ్లోని రోడ్డు మీద సిగ్నల్ ఉంటుంది. పచ్చ దీపం వెలిగినంతసేపే బండ్లు కదులుతాయి. సగం సమయం పచ్చ, సగం సమయం ఎరుపు అనుకుంటే అదే వెడల్పున్న వరుసలో గంటకు 900 కార్లు పోతే గొప్ప. అంటే పెద్ద గొట్టం నుంచి చిన్న గొట్టంలోకి నీళ్లు మళ్లించినట్టే. ఆ రెండింటి మధ్య తేడాను తట్టుకోవలసింది ర్యాంపు. ఆగిన కారు ముందు, వెనుక ఖాళీతో కలిపి ఏడు మీటర్లు తీసుకుంటుందనుకుంటే, 300 మీటర్ల ర్యాంపు మీద ఒక్క వరుసలో నలభై రెండు కార్లు పడతాయి. నలభై మూడో కారు రహదారి మీదే ఆగాలి. దాని వెనుక వంద కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడికి, ముందున్నది ఆగిపోయిన కారు అని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

దీనికి ఇంజనీర్లు చాలా కాలం చెప్పిన మందు ఒక్కటే: ర్యాంపు చివర సిగ్నల్ తీసెయ్యండి, మలుపును విశాలంగా వంచండి, బండి ఆగకుండా ఊళ్లోకి జారిపోనివ్వండి. రహదారి వైపు నుంచి చూస్తే ఇది చక్కటి పరిష్కారం. ఊరి వైపు నుంచి చూస్తే, ఇంటి వీధిలోకి రహదారి వేగాన్ని తెచ్చి వదలడం. అరవై ఏళ్లుగా అమెరికా నగరాలు పడుతున్న బాధలో చాలా భాగం ఈ ఒక్క వంపులో ఉంది.

వేగం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రైవరుకు ఎదురుగా పిల్లవాడు కనిపించాడనుకుందాం. బ్రేకు మీద కాలు పడటానికి ఒక సెకను పడుతుంది. ఆ లోపు కారు ఎనిమిది మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో ఐదు మీటర్లు. మొత్తం పదమూడు. అదే కారు 50 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆ ఒక్క సెకనులోనే పద్నాలుగు మీటర్లు పోతుంది, ఆగడానికి మరో పద్నాలుగు కావాలి. పదమూడు మీటర్లలో ఆగే కారు ముందు బతికిపోయే పిల్లవాడి మీదికి, రెండో కారు ఇంకా వేగం తగ్గకముందే దూసుకొస్తుంది. ర్యాంపు మలుపును గీసేవాడు కాగితం మీద వ్యాసార్థం ఎంత పెడితే బండి అంత వేగంతో తిరుగుతుంది. గీతను కాస్త చదును చేస్తే చాలు, వేగం పెరిగిపోతుంది. వేగ పరిమితి బోర్డు పెట్టినా డ్రైవరు కాలు వినేది ఆ వంపు మాటే.

రహదారి వైపు వచ్చే చిక్కులు కూడా తక్కువేమీ కావు. చెన్నైలో కత్తిపార ఫ్లైఓవర్ మీద వెళ్లినవారికి క్లోవర్ లీఫ్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పైనుంచి చూస్తే నాలుగు రేకుల ఆకులా కనిపించే కూడలి అది. అమెరికాలో ఆర్థర్ హేల్ అనే ఇంజనీరు 1916లో దానికి పేటెంటు తీసుకున్నాడు. 1929లో న్యూజెర్సీలోని వుడ్‌బ్రిడ్జ్‌లో ఆ దేశపు మొదటి క్లోవర్ లీఫ్ తెరిచారు. ఒక్క సిగ్నల్ కూడా లేకుండా నాలుగు దిక్కుల బండ్లు ఎటు కావాలంటే అటు పోవచ్చు. ఆ రోజుల్లో అదొక అద్భుతం.

ఆ అద్భుతంలోనే ఒక లోపం దాగి ఉంది. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఆ లెక్కలోనే ఊహించుకోండి. మీరు కుడి వైపు ఉన్న రోడ్డు ఎక్కాలంటే, వంతెన దాటాక ఎడమకు దిగి, ఒక చుట్టు తిరిగి వెళ్లాలి. ఆ వంతెనకు ముందే మరో చుట్టు నుంచి వచ్చిన బండ్లు మీ ఎడమ వరుసలోకి ఎక్కుతుంటాయి. ఎక్కేవాడికి వేగం పెంచుకుని కుడికి జరగాలని ఆత్రం, దిగేవాడికి వేగం తగ్గించుకుని ఎడమకు రావాలని ఆత్రం. ఇద్దరికీ కలిపి ఉన్నది వంతెన దగ్గర కొద్ది పాటి దూరం. ఒకరి దారిలోకి ఒకరు అల్లుకుపోతారు. బండ్లు తక్కువగా ఉన్నంత కాలం ఇది నడుస్తుంది. పెరిగాక ఆ కొద్ది దూరమే మొత్తం రహదారికి గొంతు దగ్గర పట్టిన ఉచ్చు అవుతుంది.

అందుకే ఇప్పుడు మొదటి మార్గంగా చాలాచోట్ల పాత క్లోవర్ లీఫ్‌లలో రేకులు తీసేస్తున్నారు. ఎక్కేవారిని, దిగేవారిని ప్రధాన రహదారి నుంచి విడదీసి పక్కనే వేరే దారి వేస్తున్నారు. లేదా రెండు రేకులు తుడిచేసి ర్యాంపు చివర సిగ్నల్ పెడుతున్నారు. రేకు పోయిన చోట ఖాళీ నేల మిగులుతుంది. ఒక్కో రేకు మధ్య గడ్డి తప్ప ఏమీ పెరగని, మనిషి అడుగు పెట్టలేని స్థలం ఎంత ఉంటుందో విమానం కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. ఊరి నడిబొడ్డున అంత నేలను ఎవరికీ పనికిరాకుండా బంధించి ఉంచడం ఎంత దుబారా!

రెండో మార్గం, ఎక్కే ర్యాంపు మీదే సిగ్నల్ పెట్టి ఒక్కో పచ్చ దీపానికి ఒకటి రెండు బండ్లను మాత్రమే రహదారి మీదికి వదలడం. షికాగోలో 1963లోనే దీన్ని మొదలుపెట్టారు. గుంపుగా వచ్చి పడితే రహదారి మీద ప్రవాహం తెగిపోతుంది, ఒక్కొక్కటిగా వస్తే కలిసిపోతుంది. ఇది నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం మిన్నెసోటా రాష్ట్రంలో ఎంత ముదిరిందంటే, 2000లో అక్కడి శాసనసభ ఆదేశం మీద మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో సుమారు 430 ర్యాంపు సిగ్నళ్లను కొన్ని వారాలపాటు ఆర్పేశారు. జవాబు స్పష్టంగా వచ్చింది. రహదారి మోసే బండ్ల సంఖ్య 9 శాతం తగ్గింది, ప్రయాణ సమయం 22 శాతం పెరిగింది, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి.

సిగ్నళ్లను మళ్లీ వెలిగించారు. ఈ కథలో నాకు నచ్చేది ఆ తర్వాతి భాగం. జనం ఊరికే గొడవ చేయలేదని కూడా అధికారులు ఒప్పుకున్నారు. ర్యాంపు మీద నిలబెట్టే సమయానికి హద్దు పెట్టారు: నాలుగు నిమిషాలకు మించి ఎవరినీ ఆపకూడదని. అంతకుముందు రహదారి సాఫీగా సాగడం కోసం ర్యాంపు దగ్గరి మనిషిని ఎంతసేపైనా ఆపేవారు. దూరం నుంచి వచ్చేవాడు అప్పటికే రహదారి మీద ఉంటాడు, ఆగడు. నగరం లోపల ఉండేవాడు తన ఇంటి దగ్గరి ర్యాంపు మీద ఆగుతాడు. లాభం ఒకరిది, నిరీక్షణ ఇంకొకరిది. ఈ మాట ర్యాంపుల విషయంలో ఎక్కడికెళ్లినా మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

మూడో మార్గం మొదటిసారి వింటే ఎవరికైనా పిచ్చి పనిలా అనిపిస్తుంది. మిస్సోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2009లో, 44వ అంతర్రాష్ట్ర రహదారి, 13వ నంబరు రోడ్డు కలిసేచోట దీన్ని కట్టారు. వంతెన మీదికి రాగానే సిగ్నల్ దగ్గర రెండు దిక్కుల బండ్లు పక్కలు మార్చుకుంటాయి. అమెరికాలో కుడి పక్కన నడపాలి కదా, ఈ వంతెన మీద మాత్రం ఎడమ పక్కన నడుపుతారు. వంతెన దాటాక మళ్లీ సిగ్నల్ దగ్గర తమ పక్కకు వచ్చేస్తారు. ఎందుకీ తిప్పలు అంటే, ఎడమకు తిరిగి రహదారి ఎక్కేవాడు మామూలుగా ఎదురు వచ్చే బండ్లను అడ్డంగా కోసుకుంటూ పోవాలి. అమెరికా కూడళ్లలో పెద్ద ప్రమాదాలకు ఒక ముఖ్య మూలం అదే. పక్కలు మారితే అతను ఎవరికీ అడ్డు రాకుండా నేరుగా ర్యాంపు ఎక్కేస్తాడు. పాత వంతెననే వాడుకున్నారు కాబట్టి కొత్తది కట్టే ఖర్చు, కూల్చే ఖర్చు మిగిలాయి. నడిచేవారికి వంతెన మధ్యలో, రెండు గోడల నడుమ దారి వదిలారు.

ఈ పద్ధతి అమెరికా అంతటా వేగంగా పాకింది. బండ్ల వైపు నుంచి దీనికి వంక పెట్టడం కష్టం. నడిచేవారి వైపు నుంచి మాత్రం నాకు మనసు ఒప్పదు. రెండు వైపులా బండ్లు పోతుంటే, గోడల మధ్య ఇరుక్కుని నడవడం సురక్షితమే కావచ్చు, అది ఊరిలో నడిచినట్టు ఉండదు. దుకాణం ముందు ఆగలేరు, ఎదురింటివారిని పలకరించలేరు. రహదారికి అటు, ఇటు ఉన్న రెండు పేటలను కలిపే దారి అంటే దాని మీద నడవాలని ఎవరికైనా అనిపించాలి. తప్పనిసరై నడిచే దారి కలపదు.

అసలు ఈ రహదారులు ఊళ్ల కడుపులోకి ఎలా వచ్చాయి? 1956లో అమెరికా ఒక చట్టం చేసింది. దేశమంతా సుమారు 41,000 మైళ్ల అంతర్రాష్ట్ర రహదారులు వేయాలి, ఖర్చులో 90 శాతం కేంద్రం భరిస్తుంది. రూపాయి పనికి పది పైసలు పెట్టుకుంటే చాలు అంటే ఏ రాష్ట్రం వద్దంటుంది? నగరాల చుట్టూ పోవలసిన రోడ్లు నగరాల మధ్య నుంచి పోయాయి. ఎక్కడ నేల చవకగా ఉందో, ఎవరు గట్టిగా అడ్డుకోలేరో అక్కడి నుంచే పోయాయి. అంటే చాలావరకు నల్లజాతివారి పేటలు. డెట్రాయిట్‌లో బ్లాక్ బాటమ్, పారడైజ్ వ్యాలీ అనే పేటలు, వాటి గుండెకాయ లాంటి హేస్టింగ్స్ స్ట్రీట్ 375వ నంబరు రహదారి కింద పోయాయి. ఆ రహదారి పొడవు ఒక్క మైలు. ఒక్క మైలు రోడ్డు కోసం సంగీత క్లబ్బులు, దుకాణాలు, చర్చిలు, ఇళ్లు అన్నీ ఊడ్చేశారు. 1964 నాటికి ఆ రోడ్డు మీద కార్లు పరుగెత్తుతున్నాయి.

శాన్ ఫ్రాన్సిస్కో జనం ముందే మేల్కొన్నారు. 1959లో నగర పాలక మండలి, తలపెట్టిన పది ఫ్రీవేలలో ఏడింటిని రద్దు చేసింది. అప్పటికే కొన్ని లేచాయి. సముద్రం ఒడ్డున ఎంబర్కడేరో ఫ్రీవే ఒకటి, నగరం మధ్యలోకి చొచ్చుకువచ్చిన సెంట్రల్ ఫ్రీవే మరొకటి. ఈ రెండోది హేస్ వ్యాలీ అనే పేట నెత్తి మీదుగా రెండంతస్తుల్లో పోయేది. దాని నుంచి దిగే ర్యాంపులు ఆ పేటలోని వీధుల్లోకి గుమ్మరించేవి. కింద ఎండ పడని నేల, పిల్లర్ల మధ్య చీకటి. రాత్రయితే అటు వెళ్లడానికి జనం జంకేవారు.

1989 అక్టోబరు 17న లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. తీవ్రత 6.9. చనిపోయినవారు 63 మంది, అందులో 42 మంది ఓక్లాండ్‌లో కుప్పకూలిన రెండంతస్తుల సైప్రస్ ఫ్రీవేలో నలిగిపోయారు. ఎంబర్కడేరోను 1991లో కూల్చడం మొదలుపెట్టారు. సెంట్రల్ ఫ్రీవే ఉత్తరపు కొసను 1992లో తీసేశారు. 1996లో మిగిలిన భాగంలో పై అంతస్తు తీయడానికి మూసినప్పుడు నగరం స్తంభించిపోతుందని అందరూ భయపడ్డారు. భయపడినంత జరగలేదు.

అయినా జనం ఒక మాట మీద లేరు. పశ్చిమాన ఉండేవారికి ఆ ఫ్రీవే రోజూ వాడే దారి. హేస్ వ్యాలీ వారికి అది నెత్తి మీద బండ. 1997లో ఓటింగు పెడితే ఫ్రీవేను మళ్లీ కట్టాలని గెలిచింది. 1998లో మళ్లీ ఓటింగు, ఈసారి దాన్ని కొట్టేసి, నేల మీద బులెవార్డ్ వేయాలని గెలిచింది. 1999లో ఇరుపక్షాలూ చెరో ప్రతిపాదనతో బ్యాలెట్ మీదికి వచ్చాయి, బులెవార్డ్ నిలిచింది. ఒక ర్యాంపు ఎక్కడ దిగాలన్న దానికి మూడేళ్లలో మూడుసార్లు ఓటు వేసిన నగరం అది. దీన్ని కాలయాపన అనేవారు ఉంటారు. నాకు మాత్రం ఈర్ష్య కలిగింది. మన దగ్గర ఫ్లైఓవర్ దిగే చోటు గురించి ఊరివారికి తెలిసేది పిల్లర్ గుంత తవ్వినప్పుడు.

2005 సెప్టెంబరులో ఆక్టేవియా బులెవార్డ్ తెరిచారు. వీధుల రూపకల్పన మీద జీవితమంతా పనిచేసిన ఆలన్ జేకబ్స్, ఎలిజబెత్ మెక్‌డొనాల్డ్ దీని రూపాన్ని తీర్చారు. వారి ఆలోచన పాతదే, పారిస్ వీధుల్లో కనిపించేదే. మధ్యలో రెండు దిక్కులకూ రెండేసి వరుసలు, దూరం పోయే బండ్ల కోసం. వాటికి ఇరుపక్కలా చెట్ల వరుస. చెట్ల అవతల ఒక్క వరుస సన్న దారి, ఇళ్లకు వచ్చిపోయేవారి కోసం. ఆ తర్వాత కాలిబాట, ఇళ్ల గుమ్మాలు. ఫ్రీవే నుంచి దిగిన కారు, ఇంటి ముందు ఆగే కారు ఒకే వీధిలో ఉంటాయి, ఒకదాన్ని ఒకటి తరమవు. మన ఊళ్లలో ప్రధాన రోడ్డు, సర్వీస్ రోడ్డు ఉన్నట్టే అనిపిస్తుంది. తేడా కొలతల్లో ఉంది. ఆ సన్న దారిలో వేగంగా పోదామన్నా వీలుకాదు, అంత ఇరుకుగా, చెట్లకు అంత దగ్గరగా వేశారు.

బులెవార్డ్ నాలుగు వీధుల పొడవు. ఆ తర్వాత ట్రాఫిక్ అంతా పక్క వీధుల్లోకి మళ్లిపోతుంది, రోడ్డు మధ్యలో ఒక చిన్న పార్కు వస్తుంది. ప్యాట్రీషియాస్ గ్రీన్ అంటారు. ఈ పోరాటంలో ముందు నిలిచిన ప్యాట్రీషియా వాకప్ పేరు పెట్టారు. నేను వెళ్లిన రోజు అక్కడ పిల్లలు ఎక్కే నిచ్చెనల చుట్టూ తల్లిదండ్రులు కాఫీ కప్పులతో నిలబడి ఉన్నారు. ఇద్దరు ముసలివాళ్లు బల్ల మీద కూర్చుని ఏదో వాదించుకుంటున్నారు.

ఇక బండ్ల సంగతి. ఫ్రీవే ఉన్నప్పుడు రోజుకు సుమారు 93,000 బండ్లు పోయేవి. బులెవార్డ్ వచ్చాక సుమారు 45,000. మిగతా సగం ఎక్కడికి పోయింది? కొన్ని పక్క వీధుల్లో పంచుకున్నాయి. కొన్ని ఇంకో ర్యాంపు దగ్గర దిగుతున్నాయి. కొందరు బస్సు, రైలు ఎక్కారు, కొందరు వెళ్లే వేళ మార్చుకున్నారు, కొందరు అసలు ఆ ప్రయాణమే మానుకున్నారు. ట్రాఫిక్‌ను మనం నదిలా ఊహించుకుంటాం, ఆనకట్ట తీస్తే వరద వచ్చి పడుతుందని భయపడతాం. నీటికి ఆలోచన లేదు, డ్రైవరుకు ఉంది. దారి మూసి ఉందని తెలిస్తే రేపటికి ఇంకో దారి చూసుకుంటాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొత్త బండ్లు ఎక్కడినుంచో వచ్చి చేరతాయని మనందరికీ అనుభవమే. తగ్గించినప్పుడు దానికి తలకిందులుగా జరుగుతుందని నమ్మడమే కష్టంగా ఉంటుంది.

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. సాయంత్రం పూట ఆక్టేవియా మీద బండ్లు బారులు తీరతాయి, నేను కళ్లారా చూశాను. మార్కెట్ స్ట్రీట్ మీద వచ్చే కార్లు కుడికి తిరిగి ర్యాంపు ఎక్కడం నిషేధం, ఎందుకంటే ఆ మలుపు సైకిళ్ల దారిని అడ్డంగా కోస్తుంది. నిషేధం బోర్డు ఉన్నా తిరిగేవారు తిరుగుతూనే ఉన్నారు, ఆ మూలలో సైకిళ్లు ఢీకొన్న సంఘటనలు ఏళ్ల తరబడి నగరాన్ని వేధించాయి. ర్యాంపు నోరు విశాలంగా తెరుచుకుని కనిపిస్తే డ్రైవరు దానిలోకి పోవాలనే చూస్తాడు. ముందే చెప్పాను, కాలు వినేది బోర్డు మాట కాదు.

ఇంకో పెద్ద మాట ఉంది. ఫ్రీవే కింది నేల రాష్ట్రం నుంచి నగరానికి వచ్చింది, 22 స్థలాలుగా విడదీశారు. వాటిని అమ్మిన డబ్బుతోనే బులెవార్డ్ ఖర్చులో చాలా భాగం గడిచింది. అక్కడ కట్టే ఇళ్లలో దాదాపు సగం తక్కువ ఆదాయం వారికి అందుబాటులో ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. లక్ష్యం మంచిదే. కానీ చుట్టుపక్కల పేటలో అద్దెలు ఆకాశానికి ఎక్కాయి. నీడ పోయి వెలుగు వచ్చేసరికి, చీకట్లో కూడా ఆ పేటను వదలకుండా నిలబడినవారిలో చాలామంది ఆ వెలుగును అనుభవించలేకపోయారు. రోడ్డు తీసేటప్పుడే అద్దెల సంగతి కూడా ఆలోచించకపోతే, బాధ పడినవారు ఒకరు, ఫలం తినేవారు మరొకరు అవుతారు.

న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరం ఇంకో రకంగా చేసింది. నగర కేంద్రం చుట్టూ కందకంలా తవ్వి వేసిన ఇన్నర్ లూప్ అనే రోడ్డు తూర్పు భాగాన్ని 2014, 2017 మధ్య మట్టితో పూడ్చేసింది. సర్వీస్ రోడ్లతో కలిపి పన్నెండు వరుసల దాకా ఉన్న చోట రెండు వరుసల మామూలు వీధి, సైకిల్ దారి వచ్చాయి. ఆరెకరాల నేల బయటపడింది, ఇళ్లు లేచాయి. అక్కడ ట్రాఫిక్ ఎప్పుడూ పెద్దగా లేదు కాబట్టి పని తేలికైంది. డెట్రాయిట్ కూడా ఆ ఒక్క మైలు రహదారిని బులెవార్డ్‌గా మార్చాలనుకుంది, 2022లో కేంద్రం నుంచి పది కోట్ల డాలర్లకు పైగా మంజూరైంది. ఖర్చు అంచనా పెరుగుతూ పోయి, కొత్త రోడ్డు కూడా పాతదంత వెడల్పుగానే ఉంటుందన్న విమర్శ వచ్చి, 2025లో పని ఆగింది. ఆ విమర్శలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. గోతిలోని రహదారిని నేల మీదికి తెచ్చి పేరు మార్చితే, రోడ్డు దాటే మనిషికి ఒరిగేది లేదు.

మన సంగతికి వస్తే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. దాని మీదికి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. అంటే చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కువమంది నడిపే బండికి దక్కేది సర్వీస్ రోడ్డు, ర్యాంపు దిగే కూడలి. పైన వేగంగా పోయే కారుకు ఎంతో శ్రద్ధతో కొలిచి వేసిన వంపులు ఉంటాయి. అదే వేగంతో కారు కిందికి దిగి కలిసేది, పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్ ఉన్న రోడ్డులో.

జాతీయ రహదారుల మీద కథ ఇంకా కఠినం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదే పోయారు. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో ఆ రహదారుల వాటా చాలా చిన్నది. ఆ ఏడాది చనిపోయినవారిలో 32,825 మంది నడుచుకుంటూ వెళ్తున్నవారు.

మా ఊరి దగ్గర అండర్‌పాస్ ఉంది. బస్టాపు నుంచి అక్కడికి నడిచి, కిందుగా అవతలికి వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలంటే రెండు కిలోమీటర్ల పైన. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు. అందుకని డివైడర్ మీది ఇనుప కంచెను ఎవరో ఒక మనిషి పట్టేంత మేర కోశారు. రెండుసార్లు మూశారు, రెండుసార్లూ మళ్లీ తెరుచుకుంది. బండ్లవాళ్లు సర్వీస్ రోడ్డులో రాంగ్ రూట్లో వస్తారు. వారిని తిట్టడం సులభం, నేనూ తిట్టాను. తర్వాత ఒకరోజు సరైన దారిలో బండి నడిపి లెక్క చూసుకున్నాను. ఎదురుగా కనిపిస్తున్న రేషను దుకాణానికి వెళ్లిరావడానికి అయిదు కిలోమీటర్లు తేలింది. ఆ అయిదు కిలోమీటర్లు రహదారి వేసిన కాగితాల్లో ఎక్కడా ఖర్చుగా రాసి ఉండవు. ఆదా అయిన నిమిషాల పట్టికలో పట్నం నుంచి పట్నానికి పోయే కారు నిమిషాలే ఉంటాయి.

ఇప్పుడు అదే చోట కొత్తగా ఫ్లైఓవర్ వేస్తామంటున్నారు. కొలతల మనుషులు వచ్చి ఎర్ర రంగు గుర్తులు పెట్టి వెళ్లారు. ర్యాంపు దిగే గుర్తు బడి గేటుకు అరవై అడుగుల దూరంలో ఉంది. అడుగులు వేసి కొలిచాను. అరవై అడుగులంటే పద్దెనిమిది మీటర్లు. యాభై కిలోమీటర్ల వేగంతో దిగే కారు ఆగడానికి కావలసింది ఇరవై ఎనిమిది. ప్రజాభిప్రాయ సేకరణ తేదీ వస్తే ఈ రెండు అంకెలూ రాసిన కాగితంతో వెళ్తాను. దిగే చోటును బడికి అవతల నూట యాభై మీటర్లు జరపాలని, మలుపును గట్టిగా వంచాలని, చివర సిగ్నల్, దాని ముందు జీబ్రా చారలు, కాలిబాటకు సమంగా ఎత్తు చేసిన దారి పెట్టాలని అడుగుతాను. అండర్‌పాస్‌లో నీరు పోయే కాలువ సంగతీ అడుగుతాను. బడి ప్రధానోపాధ్యాయురాలు తానూ వస్తానన్నారు. సాయంత్రం బడి వదిలే వేళ, అయిదు రోజుల పాటు ఎంతమంది పిల్లలు ఆ గుర్తు మీదుగా రోడ్డు దాటుతున్నారో ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాలనుకున్నాం. సోమవారం మొదలుపెడుతున్నాం.